వీధంతా కలిస్తే వైరు వస్తుంది: పిల్లల ఆన్‌లైన్ చదువుకు తక్కువ ఖర్చులో ఇంటి ఇంటర్నెట్

మా అక్కవాళ్ల ఇల్లు ఊరి చివర కాలనీలో ఉంటుంది. మేనకోడలు దూరవిద్యలో డిగ్రీ చదువుతూ గ్రూప్స్ కోచింగ్ ఫోన్‌లో వింటోంది. మేనల్లుడికి టెన్త్, సాయంత్రం లెక్కల ట్యూషన్ ఆన్‌లైన్లోనే. ఇంట్లో సిగ్నల్ రెండు గీతలు దాటదు. అందుకని ఇద్దరూ డాబా ఎక్కి, వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని, ఫోన్‌ని ఇటుకముక్కకు ఆనించి పెట్టి క్లాసులు వినేవాళ్లు. మధ్యాహ్నం కాకముందే ఈరోజు డేటా మొత్తం అయిపోయిందని మెసేజ్ వచ్చేది. ఇక ఆ తర్వాత సారు బొమ్మ ఆగిపోయేది, మాట ముక్కలు ముక్కలుగా వినపడేది.

ఆ కాలనీకి చివరికి ఫైబర్ ఇంటర్నెట్ వైరు వచ్చింది. రావడానికి ఆరు వారాలు పట్టింది. అందులో ఐదు వారాలు అడగకూడని మనిషిని అడగడంలోనే పోయాయి. ఒక్క ఇల్లు అడిగితే రాని వైరు, వీధి మొత్తం అడిగితే వస్తుందని అప్పటిదాకా మాకు తట్టలేదు. మీకు ఆ ఐదు వారాలు కలిసొస్తాయని, ఏ పని తర్వాత ఏది చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

చాలామంది షాపుకెళ్లి "పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులండీ, మంచి ప్లాన్ చెప్పండి" అంటారు. అవతలివాళ్లు 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) ప్లాన్, దాంతోపాటు నాలుగు సినిమా యాప్‌లు అంటగడతారు. మీకు నిజంగా ఎంత కావాలో ముందు మీరే తెలుసుకోండి. పది నిమిషాల పని.

పిల్లల ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డేటా వాడకం అని ఉన్నచోట, వాళ్లు క్లాసు వినే యాప్ పక్కన అంకె ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఒక గంట క్లాసు అయ్యాక మళ్లీ చూడండి. తేడాయే మీ గంట ఖర్చు. లెక్క ఎలా నడుస్తుందంటే, వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వస్తే గంటకు 450 ఎంబీ అవుతుంది. రెండున్నర మెగాబిట్ల చొప్పున స్పష్టమైన వీడియో అయితే గంటకు ఒక జీబీ దాటిపోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ మీద మామూలు క్వాలిటీలో మూడు క్లాసులు వింటేనే అడుగంటుతుంది. ఆ తర్వాత వచ్చే 64 కేబీపీఎస్ వేగంలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుందేమో గానీ క్లాసు నడవదు.

ఇంకో చిన్న విషయం. స్పీడు చెప్పేటప్పుడు వాడేది మెగాబిట్, ఫైలు సైజు చెప్పేటప్పుడు వాడేది మెగాబైటు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకు డౌన్‌లోడ్ అయ్యేది 5 ఎంబీనే. "నలభై అని చెప్పి ఐదే ఇస్తున్నారు" అని కేబుల్ ఆయనతో గొడవకు దిగినవాళ్లను చూశాను. పాపం, ఆ ఒక్క విషయంలో ఆయన తప్పేమీ లేదు.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023 జనవరిలో నిర్ణయించారు. అంతకుముందు అది 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్. ఒక్క పిల్లవాడి క్లాసుకు ఆ 2 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. ఇక్కడ ముఖ్యం నిలకడే. ఒకసారి ముప్ఫై, ఇంకోసారి సున్నా చూపించే సిగ్నల్ కన్నా ఎప్పుడూ మూడు దగ్గరే నిలబడే లైను మేలు.

ఇంటి రీచార్జ్ లెక్క బయటికి తీయండి

ఫైబర్ అనగానే ఇంట్లో మొదట వచ్చే మాట "ఇంకో నెల బిల్లా?". అక్క కూడా అదే అంది. అప్పుడు క్యాలెండర్ వెనక అట్ట మీద రాసి చూపించాను.

ఇంట్లో మూడు ఫోన్లు. ఒక్కోదానికి 28 రోజులకు సుమారు 300 రూపాయల రీచార్జ్. 28 రోజులంటే నెల కాదు, ఏడాదికి 13 సార్లు కట్టాలి. మూడు ఫోన్లకు ఏడాదికి 11,700.

ఇప్పుడు ఇంట్లో ఫైబర్ ఉందనుకోండి. బీఎస్‌ఎన్‌ఎల్, జియో, ఎయిర్‌టెల్ మొదటి మెట్టు ఫైబర్ ప్లాన్లు 399 నుంచి 499 మధ్య ఉంటూ వచ్చాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. 399 ప్లాన్ చేతికొచ్చేసరికి 471 అవుతుంది, ఏడాదికి 5,650. ఇంట్లో వైఫై ఉన్నాక ఫోన్లకు రోజువారీ డేటా అక్కర్లేదు. 2024 డిసెంబర్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చాక, కంపెనీలు మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు పెట్టాయి. 84 రోజులకు 450 రూపాయల పరిసరాల్లో దొరుకుతాయి. మూడు ఫోన్లూ అందులోకి మారిస్తే ఏడాదికి 5,900 లోపే. రెండూ కలిపితే 11,500. అంటే పాత ఖర్చు కన్నా రెండు వందలు తక్కువే.

బావకు పొలం దగ్గర, మార్కెట్ దగ్గర ఫోన్‌పే కావాలి కాబట్టి ఆయన ఫోన్లో డేటా ప్లాన్ అలాగే ఉంచాం. అప్పుడు నెలకు 150 వరకు అదనం పడింది. మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటాయి, ధరలూ మారుతుంటాయి. కానీ ఈ అట్ట లెక్క వేసుకోకుండా ఫైబర్ వద్దనుకోవద్దు, కావాలనీ అనుకోవద్దు. మాటల ప్లాన్ల గురించి రీచార్జ్ షాపులో చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే పేరు పెట్టి అడగాలి.

మీ ఊరి దాకా ఏ తీగ వచ్చి ఆగింది?

ఫైబర్ మీ ఇంటికి రాలేదంటే మీ ఊరికి రాలేదని కాదు. చాలాచోట్ల ఊరి మధ్యదాకానో, పంచాయతీ ఆఫీసు దాకానో వచ్చి ఆగిపోయి ఉంటుంది. అది కనిపెట్టడమే ఇప్పుడు పని.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే కరెంటు స్తంభాల వైపు చూడండి. ఏపీ ఫైబర్‌నెట్ భూమిని తవ్వకుండా ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే వైరు లాగింది. అందుకే అది త్వరగా, తక్కువ ఖర్చులో ఊళ్లకు చేరింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు. ధరలు తర్వాత మారాయి గానీ, ఆ స్తంభాల మీది తీగ ఇప్పటికీ పనికొస్తుంది. తెలంగాణలో పద్ధతి వేరు. మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. కాబట్టి అక్కడ స్తంభం వైపు చూసి లాభం లేదు, పంచాయతీ కార్యదర్శిని అడగాలి.

ఇవి కాక కేంద్రం భారత్‌నెట్ ఉంది. 2011 అక్టోబర్లో వేరే పేరుతో ఆమోదించి, తర్వాత భారత్‌నెట్‌గా మార్చారు. ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబర్ చేర్చడం దాని ఉద్దేశం. 2023లో తర్వాతి దశకు 1.39 లక్షల కోట్లు మంజూరు చేశారు. పంచాయతీ ఆఫీసులో గోడకు బిగించిన, దుమ్ము పట్టిన పెట్టె ఒకటి కనిపిస్తే అది ఇదే కావచ్చు. "ఈ పెట్టె పని చేస్తోందా? దీన్నుంచి ఇళ్లకు కనెక్షన్లు ఎవరిస్తున్నారు?" అని అడగండి. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక కుర్రాడు ఆ లైను నుంచి ఇళ్లకు వైర్లు లాగే పని తీసుకుని ఉంటే, మీకు కావాల్సిన మనిషి అతనే.

మేం ఐదు వారాలు పోగొట్టుకున్నది ఇక్కడే. ఒక కంపెనీ యాప్‌లో చిరునామా కొట్టాం, "మీ ప్రాంతంలో త్వరలో" అని వచ్చింది. వాళ్ల కాల్ సెంటర్‌కు ఎన్ని ఫోన్లు చేసినా అదే జవాబు. ఎక్కడో కూర్చున్న కాల్ సెంటర్‌కు మా వీధి స్తంభం తెలియదు. ఇంటికి టీవీ కేబుల్ ఇచ్చే ఆయనకు తెలుసు. ఆయన్ని మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది. టీవీ కేబుల్ నడిపేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఏదో ఒక ఫైబర్ కంపెనీకి ఇళ్ల దాకా వైరు లాగే చివరి అంచె పని చేస్తున్నారు. ఆంధ్రాలో అయితే గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని కూడా అడగండి, ఆ ఆఫీసుకే నెట్ ఎక్కడి నుంచి వస్తోందో ఆయన చెప్పగలడు.

ఒక్కరు కాదు, ఏడు ఇళ్లు కలిసి అడగండి

మొత్తం వ్యవహారంలో అసలు కిటుకు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కేబుల్ ఆయన వచ్చి చూశాడు. ఆయన పెట్టె ఉన్న రామాలయం సందు నుంచి అక్కవాళ్ల ఇంటి దాకా స్తంభాలు లెక్కపెడితే పదకొండు. ఒక్క ఇంటి కోసం పదకొండు స్తంభాల వైరు, దాన్ని లాగడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట. "నాలుగు వేలు ఇవ్వండమ్మా, అంతకు తక్కువైతే నాకు గిట్టదు" అన్నాడు. అక్క ముఖం మాడిపోయింది.

ఆయన అత్యాశకు పోయాడని అనుకోకండి. ఆయన వైపు నుంచి చూడండి. మీరు కట్టే నెల బిల్లులో ఆయనకు దక్కేది కొంత భాగమే. రేపు మీరు ఆర్నెల్లకు మానేస్తే ఆ పదకొండు స్తంభాల వైరు ఖర్చు ఆయన నెత్తిన. అదే వైరు మీద ఏడు కనెక్షన్లు వస్తే లెక్కే మారిపోతుంది. ఎందుకంటే ఫైబర్‌లో ఒకే తీగను చివర్లో ఒక చిన్న స్ప్లిటర్ పెట్టి ఎనిమిది ఇళ్లకో పదహారు ఇళ్లకో పంచవచ్చు. పదకొండు స్తంభాల ఖర్చు ఒక్కసారే పడుతుంది. అక్కడి నుంచి ఒక్కో ఇంటికి యాభై అరవై మీటర్ల సన్న వైరు సరిపోతుంది.

మేనకోడలు ఆ సాయంత్రమే నోట్‌బుక్ పట్టుకుని వీధిలోకి వెళ్లింది. పేరు, ఇంటి నంబరు, ఇంట్లో చదువుకునేవాళ్లు ఎంతమంది, ఇప్పుడు నెలకు రీచార్జ్ ఎంత అని నాలుగు గడులు గీసుకుంది. ఎదురింటి సుబ్బమ్మత్తకు చదువుకునేవాళ్లెవరూ లేరు. కానీ దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడాలి, "నా పేరూ రాయవే" అంది. రెండు రోజుల్లో ఏడు పేర్లు వచ్చాయి. చదువు పేరుతో మొదలైనా, పేర్లు ఇచ్చినవాళ్లందరికీ చదువే కారణం కానక్కర్లేదు.

జాబితా చూపించాక కేబుల్ ఆయన మాట మారింది. వైరు ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. బదులుగా ఏడుగురూ ఆర్నెల్ల డబ్బు ముందే కట్టాలన్నాడు. బేరం ఆడితే మూడు నెలలకు దిగాడు. మీ ఊళ్లో షరతులు ఇలాగే ఉంటాయని చెప్పలేను, కానీ ఈ మాటలు మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోండి: లోపల పెట్టే పెట్టె, అంటే ఓఎన్‌టీ, మనదా వాళ్లదా? మానేస్తే దాని డిపాజిట్ తిరిగి ఇస్తారా? ఇన్‌స్టలేషన్ చార్జీ విడిగా ఉందా? వైరు తెగితే జాయింటు డబ్బులు ఎవరివి? మాట మీద వదిలేయకుండా రసీదు వెనక అయినా రాయించుకోండి. ఒక తెలిసినవాళ్ల ఇంట్లో "పెట్టె ఫ్రీ" అని నోటితో చెప్పారు, మానేసిన రోజు 1,500 ఇమ్మన్నారు. వాళ్ల దగ్గర చూపించడానికి చీటీ ముక్క లేదు.

పేర్లు ఎవరి ఇంటి మీద వాళ్లవే ఉండాలి. ఆధార్ జిరాక్స్, ఫోటో, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు సిద్ధంగా పెట్టుకోండి. "అంతా ఒకే పేరు మీద తీసుకుని పంచుకుంటాం" అనే ఆలోచన ఎవరో ఒకరికి తప్పకుండా వస్తుంది. మా దగ్గరా వచ్చింది. దాని సంగతి కింద చెబుతాను.

ప్లాన్: చిన్నదే తీసుకోండి

ఇద్దరు పిల్లలు ఒకేసారి వీడియో క్లాసు విన్నా, ఇంకొకరు యూట్యూబ్ చూసినా 30 ఎంబీపీఎస్ సరిపోతుంది. "అన్‌లిమిటెడ్" అని చెప్పే మొదటి మెట్టు ప్లాన్లకు చాలావాటికి నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. అది దాటితే స్పీడు తగ్గుతుంది. భయపడకండి, గంటకు 450 ఎంబీ చొప్పున ఆ హద్దు దాటాలంటే ఏడు వేల గంటల పైచిలుకు క్లాసులు వినాలి. నెలకున్నవే 720 గంటలు. అయితే చిన్న స్థానిక కంపెనీల ప్లాన్లలో హద్దు ఇంతకన్నా బాగా తక్కువ ఉండొచ్చు, అంకె అడగండి.

సినిమా యాప్‌లు కలిపిన ప్లాన్ చదువుకు అక్కర్లేదు. ఏడాది మొత్తం ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ అంటారు. మొదటి మూడు నెలలు లైను ఎలా నడుస్తుందో చూడకుండా ఆ ఆశలో పడకండి.

వైరు లాగే రోజు ఇంట్లో ఉండండి

పనివాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉంటే సగం సమస్యలు ముందే తప్పుతాయి.

రోడ్డు దాటే చోట వైరు ఎంత ఎత్తులో ఉందో చూడండి. కోతలయ్యాక వరిగడ్డి లోడుతో వచ్చే ట్రాక్టరు ఎంత ఎత్తుంటుందో మీకు తెలుసు. మా వైపు ఊళ్లల్లో ఫైబర్ తెగడానికి అదే పెద్ద కారణం, తర్వాతి స్థానం కోతులది. అక్కవాళ్ల వీధిలో సంక్రాంతి ముందు ఒకే వారంలో రెండుసార్లు తెగింది. తర్వాత ఇనుప పైపు నిలబెట్టి ఎత్తు పెంచారు. ఆ పైపు మొదటి రోజే పెట్టించుకోండి.

ఫైబర్ అంటే లోపల గాజుపోగు. కరెంటు వైరులా మూల దగ్గర మడిచి మేకు కొడితే వెలుతురు లోపలే ఆగిపోతుంది. మలుపు తిరిగే చోట గుండ్రంగా వదలమనండి. ఇంటి దగ్గర రెండు మూడు మీటర్లు చుట్ట చుట్టి ఉంచమనండి, రేపు తెగితే జాయింటు వేయడానికి మిగులు ఉంటుంది. దాని మీద బట్టలు ఆరేయకండి. నవ్వకండి, చాలా ఇళ్లలో ఆరేస్తారు.

పెట్టెను టీవీ అల్మరాలో, ఇనుప బీరువా వెనక దాచకండి. ఇంటి మధ్యలో, తలకన్నా పై ఎత్తులో ఉండాలి. రెండు పేర్లతో వైఫై కనిపిస్తే, 5 అని ఉన్నది దగ్గర కూర్చుంటేనే బాగా వస్తుంది. గోడ అవతలి గదికి 2.4 అని ఉన్నదే నయం. ల్యాప్‌టాప్ ఉంటే ఒక లాన్ కేబుల్ కొని నేరుగా గుచ్చండి, పరీక్ష రోజు టెన్షన్ ఉండదు. పనివాళ్లు వెళ్లకముందే స్పీడ్ టెస్ట్ చేయండి, ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ ఉంది. డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ కూడా చూడండి. పిల్లవాడి గొంతు సారుకు వినపడేది అప్‌లోడ్ వల్లే. మళ్లీ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చూడండి, వీధంతా వాడే సమయంలో ఎంత వస్తుందో అదే మీ అసలు స్పీడు.

కరెంటు పోతే వైఫై పోతుంది. దీనికోసం పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం 12 వోల్టులతో నడుస్తాయి. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ అని అడిగితే అరచేతి మీద పట్టేది దొరుకుతుంది, కొన్ని గంటలు నడుపుతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద వోల్టు, ఆంపియరు చదువుకుని సరిపోల్చండి.

వైరు అసలే రాని ఊరైతే

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు వైపు గూడేల్లో పిల్లలు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట ఏడు ఇళ్ల జాబితాతో వైరు రాదు. అక్కడ టవరే కావాలి. టవర్ లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్లు మంజూరు చేసింది. దేశంలో 24,680 ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి, పని బీఎస్‌ఎన్‌ఎల్‌ది. మీ ఊరు ఆ జాబితాలో ఉందా, ఉంటే టవర్‌కు స్థలం ఇచ్చారా, కరెంటు వచ్చిందా అని ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ఆఫీసులో గ్రీవెన్స్ రోజున రాతపూర్వకంగా అడగండి. అర్జీ మీద ఊళ్లో చదువుకునే పిల్లల సంఖ్య, ఏ తరగతి అన్నది రాయండి. ఇచ్చాక రసీదు తీసుకోండి.

అంతవరకూ ఒక చిట్కా. ఇంట్లో సిగ్నల్ లేకపోయినా పైకప్పు మీదో చెట్టు దగ్గరో ఉంటే, ఒక పాత ఫోన్లో సిమ్ వేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఎండ తగలకుండా గుడ్డసంచిలో అక్కడ వేలాడదీయండి. పిల్లలు కింద నీడలో కూర్చుని ఆ వైఫై మీద వినొచ్చు. వాన పడేటప్పుడు, ఉరుములున్నప్పుడు మాత్రం దించేయండి. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే బయట యాంటెన్నా తగిలించుకునే 4జీ రౌటర్ తీసుకోండి. 5జీ అందే ఊరై, ఫైబర్ మాత్రం రాకపోతే ఎయిర్‌ఫైబర్ అనే పద్ధతి ఉంది. డాబా మీద చిన్న పెట్టె పెట్టి గాల్లోంచే సిగ్నల్ తీసుకుంటారు. ఎయిర్‌టెల్, జియో రెండూ 2023 నుంచి ఇస్తున్నాయి.

ఒక్క కనెక్షన్ పంచుకోవచ్చా?

పక్కింటి పిల్లవాడు పరీక్ష రోజు వచ్చి మీ వరండాలో కూర్చుని రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ఇంటి కనెక్షన్ తీసుకుని నాలుగిళ్లకు నెలకింత అని వసూలు చేసి ఇవ్వడం ఒప్పందానికి విరుద్ధం. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ లైను మీద ఎవరు ఏ తప్పు చేసినా పోలీసులు మొదట వచ్చేది బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే.

పద్ధతిగా పంచుకోవాలంటే పీఎం-వాణి అనే కేంద్ర ప్రభుత్వ వైఫై పథకం ఉంది. 2020 డిసెంబర్ 9న కేంద్ర క్యాబినెట్ దీన్ని ఆమోదించింది. కిరాణా కొట్టు, టీ స్టాల్, గ్రంథాలయం, ఎవరైనా సరే లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వైఫై అమ్మొచ్చు. ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను తీసుకోవాలి, పీఎం-వాణి వెబ్‌సైటులో నమోదైన అగ్రిగేటర్ కంపెనీల్లో (ఇలాంటి వైఫై కొట్లన్నిటినీ కలిపి నడిపేవి) ఒకదానితో ఒప్పందం చేసుకోవాలి, వాళ్లు చెప్పిన వైఫై పెట్టె బిగించాలి. వాడేవాళ్లు ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవుతారు కాబట్టి ఎవరు ఏం చేశారో ఎవరి లెక్క వాళ్లదే. కొట్టువాళ్లను వెనక్కి లాగింది మాత్రం లైను ఖర్చు. చాలా కంపెనీలు వీళ్లకు కమర్షియల్ రేటు చెప్పేవి. అందుకే 2025 జూన్‌లో ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. 200 ఎంబీపీఎస్ వరకు ఇళ్లకు ఇచ్చే ఫైబర్ ప్లాన్లను పీఎం-వాణి వాళ్లకు రెట్టింపు ధర దాటకుండా ఇవ్వాలి. అంటే ఇంటికి 399 ఉన్న ప్లాన్ కొట్టుకు 798 దాటకూడదు, జీఎస్టీ వేరే. మీ ఊరి కొట్టాయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు, వెళ్లి చెప్పండి. బడి పక్కన కొట్టు అయితే ఇంకా మంచిది.

నెట్ లేకుండా నడిచే చదువు కొంత ఉంది

దాన్ని వదులుకోవద్దు. సర్కారు పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన ఉండే క్యూఆర్ కోడ్ దీక్షా యాప్‌ది. ఆ పాఠాలు ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే చూడొచ్చు. స్వయంప్రభ, పీఎం ఈ-విద్య ఛానళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో నెల చందా లేకుండా వస్తాయి. తెలంగాణలో టీ-శాట్ నిపుణ, విద్య ఛానళ్లు ఉన్నాయి. 2020 సెప్టెంబర్ 1న బడులు మూతబడి ఉన్నప్పుడు అక్కడ డిజిటల్ పాఠాలు నడిచింది టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి మీదే. కోచింగ్ వీడియోలు యాప్‌లో సేవ్ అయ్యేవైతే వైఫై ఉన్నప్పుడు, క్వాలిటీ 360కి దించి సేవ్ చేసుకోమనండి. బోర్డు మీద అక్షరాలకు అది చాలు.

ఆగిపోయినప్పుడు

ముందు పెట్టె మీద లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అని ఉన్నచోట ఎర్రగా మెరుస్తుంటే వైరు ఎక్కడో తెగింది లేదా వంగింది, మీరు రీస్టార్ట్ చేసి లాభం లేదు. ఎర్ర లైటు లేకుండా, పీఓఎన్ (PON) అని ఉన్న పచ్చ లైటు నిలకడగా వెలుగుతూ కూడా నెట్ రాకపోతే బిల్లు అయిపోయిందేమో, కంపెనీ వైపు ఇబ్బందేమో. "నెట్ రావట్లేదు" అనే బదులు "ఎర్ర లైటు వెలుగుతోందండీ" అని ఫోన్ చేస్తే కుర్రాడు జాయింటు మెషిన్ పట్టుకునే వస్తాడు, రెండుసార్లు తిరగక్కర్లేదు. వీధిలో పక్కవాళ్లకూ పోయిందా అన్నది కూడా చెప్పండి.

మూడు రోజులైనా రాకపోతే కంపెనీ కాల్ సెంటర్లో కంప్లయింట్ పెట్టి డాకెట్ నంబర్ తీసుకోండి. ఆ నంబర్ లేకపోతే మీరు ఫిర్యాదు చేయనట్టే. వాళ్లు తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ ఉంటుంది, అప్పీలుకు రూపాయి కట్టక్కర్లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. ఆ పైన టెలికాం శాఖకు కేంద్రం గ్రీవెన్స్ పోర్టల్లో రాయొచ్చు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. పోయిన రోజులను ప్లాన్ చివర కలపమని కూడా అడగండి. అడిగితే కలిపే అవకాశం ఉంది.

అక్కవాళ్ల వీధిలో ఇప్పుడు ఏడు కాదు, పదకొండు కనెక్షన్లు. స్ప్లిటర్లో ఇంకా ఐదు ఖాళీలున్నాయని కేబుల్ ఆయనే వెనక వీధిలో అడుగుతున్నాడు. మేనకోడలి నోట్‌బుక్ ఆయనే పట్టుకెళ్లాడు.